మెయిన్ పదే పదే ట్రిప్ అవుతుంటే: గీజర్‌ను నిందించే ముందు

మా ఇంట్లో మెయిన్ ట్రిప్ అవడం ఆషాఢంలో మొదలైంది, తొలి వానలు పడిన వారానికి. ఉదయం గీజర్ స్విచ్ వేయగానే హాల్లో కరెంటును గదులకు పంచే డిబి బాక్సులోంచి టక్కుమని శబ్దం, ఇల్లంతా ఫ్యాన్లు ఆగిపోవడం. నేను 31 ఏళ్లు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. గీజర్ వేస్తే పోతోంది, వేయకపోతే పోవడం లేదు, కాబట్టి నీళ్లను వేడిచేసే ఎలిమెంటులోంచి కరెంటు లీకవుతోందని కాఫీ తాగేలోపు తేల్చేశాను. బజారుకు వెళ్లి కొత్త ఎలిమెంటు తెచ్చి నా చేతులతోనే బిగించాను. మర్నాడు ఉదయం మళ్లీ టక్కుమంది.

మా ఆవిడ డిబి వైపు, నా వైపు చూసి, ‘ఏమండీ, ఎవరైనా ఎలక్ట్రీషియన్‌ను పిలవనా?’ అంది.

ఆ ప్రశ్నకు జవాబుగా తర్వాత మూడు రోజులు నేను చేసిన పనీ, మొదటి రోజే చేయవలసి ఉండి చేయని పనీ కలిపి రాస్తున్నాను. మచిలీపట్నంలో ఉప్పుగాలికి వైరింగ్ త్వరగా పాడవుతుంది కాబట్టి ఇక్కడ ఈ బాధ కాస్త ఎక్కువ. అయితే పరీక్షించే పద్ధతి ఏ ఊళ్లోనైనా ఒకటే.

ముందు, పడిపోయింది ఏదో చూడాలి. ‘మెయిన్ పోయింది’ అని అందరూ అంటారు గాని, ఆ పేరుతో పిలిచేవి ఇంట్లో మూడు నాలుగు ఉంటాయి. మీటరు పక్కన ఒక ఎంసిబి, అంటే కరెంటు మితిమీరితే తనంతట తాను పడిపోయే మీట, ఉంటుంది. లోపల డిబి బాక్సులో ఎడమ చివరో కుడి చివరో వెడల్పాటి మీట ఒకటి ఉంటుంది. దాని మీద ‘టి’ అక్షరం ఉన్న చిన్న బటన్ కనిపిస్తే అది ఆర్‌సిసిబి. పాతవాళ్లు ఇఎల్‌సిబి అంటారు. బటన్ లేకుండా రెండు పోల్స్ (ఫేజు, న్యూట్రల్) కలిసి కదిలే మీట అయితే అది ఐసోలేటర్ కావచ్చు, మెయిన్ ఎంసిబి కావచ్చు. ఐసోలేటర్ తనంతట తాను ఎప్పుడూ పడిపోదు, అది ఉత్త స్విచ్. తక్కిన సన్నటి మీటలు ఒక్కొక్క గదికో ఒక్కొక్క పెద్ద సామానుకో వేసిన ఎంసిబిలు.

ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా చీకట్లో వెతుకులాటే. ఎంసిబి చూసేది కరెంటు ఎంత పారుతోందన్నది. ఆర్‌సిసిబికి ఆ లెక్క పట్టదు. ఫేజులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదొక్కటే దాని పని. ఇళ్లలో సాధారణంగా వాడే ఆర్‌సిసిబి 30 మిల్లీ ఆంపియర్లది. అంతలో సగం, అంటే 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు, 30కి చేరితే పడి తీరాలి. మనిషి ప్రాణాన్ని కాపాడేది అదే. కాబట్టి ‘ఆర్‌సిసిబి పడిపోతోంది, లోడు ఎక్కువైంది’ అనే ఎలక్ట్రీషియన్ మాటను నమ్మకండి. లోడు ఎక్కువైతే అది పడిపోదు. రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సిబిఓ అనే రకం కూడా ఉంది. అది గనక మీ డిబిలో ఉంటే రెండు కోణాల నుంచీ వెతకాలి.

మా ఇంట్లో పడిపోయింది ఆర్‌సిసిబి. అది చూసే నేను లీకేజీ అని సరిగానే అనుకున్నాను. ఎక్కడి లీకేజీ అన్న దగ్గరే తొందరపడ్డాను.

రెండోది, ఎప్పుడు, ఎలా పడింది? స్విచ్ వేసిన క్షణంలో ‘ఢాం’ అనో, నిప్పురవ్వతోనో ఎంసిబి పడితే అది షార్ట్ సర్క్యూట్. ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిశాయి. ఇరవై నిమిషాలో అరగంటో బాగా నడిచి, చడీచప్పుడు లేకుండా పడితే ఓవర్‌లోడు. లోపల రెండు లోహాల పట్టీ ఒకటి వేడికి వంగి మీటను వదిలేస్తుంది. పట్టీ చల్లారేదాకా మీట సరిగా నిలబడదు, అందుకని వెంటనే వేసి నిలవలేదని బెంబేలు పడవద్దు. ఒక పది నిమిషాలు ఆగండి. కొన్ని మీటలు ట్రిప్ అయినప్పుడు సగంలో ఆగుతాయి. పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు పైకి ఎత్తితేనే నిలుస్తాయి. ఇది తెలియక ‘మెయిన్ కాలిపోయింది’ అంటూ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, రాకపోకల ఖర్చు ఇచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

మళ్లీ వేసి చూడటానికి ఒక్కసారి చాలు. రెండోసారీ పడితే వేళ్లు వెనక్కి తీసుకోండి. కాలిన వాసన వచ్చినా, డిబి తలుపు వేడిగా తగిలినా, ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా ఆ ఒక్కసారి కూడా వద్దు. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే. మీటరు నుంచి స్తంభం దాకా ఉన్న భాగం మనది కాదు, అక్కడి సీలు జోలికి పోకూడదు. అది లైన్‌మన్ పని.

ఇక ఇంట్లోవాళ్లు ఎవరైనా చేయగలిగిన పరీక్ష. పగటి వెలుతురులో, ఆరిన నేల మీద, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని మొదలుపెట్టండి. డిబి మూత విప్పవలసిన పని లేదు. అన్ని ఎంసిబిలనూ కిందికి దించండి. మెయిన్ ఒక్కటి వేయండి. నిలబడితే ఒక్కొక్క ఎంసిబినే ఎత్తుతూ, ప్రతిదానికీ ఒక నిమిషం ఆగుతూ పొండి. ఏది ఎత్తినప్పుడు మెయిన్ పడిందో ఆ సర్క్యూట్ దగ్గర ఆగండి. దాన్ని దించి, దాని మీద ఉన్న సామానులన్నిటి ప్లగ్గులూ పీకేసి మళ్లీ ఎత్తండి. ఇప్పుడు నిలబడితే తప్పు చాలావరకు సామానులోనే ఉంటుంది. ఒక్కొక్కటే గుచ్చి చూస్తే దొరుకుతుంది. అప్పటికీ పడిపోతే తప్పు వైరులోనో బోర్డులోనో ఉంది.

‘ప్లగ్గు పీకండి’ అని రాశాను, ‘స్విచ్ ఆపండి’ అనలేదు. మన స్విచ్ బోర్డులో స్విచ్ ఆపేది ఫేజును మాత్రమే. న్యూట్రల్ వైరు ప్లగ్గు ద్వారా సామాను లోపలిదాకా తగిలే ఉంటుంది. సన్నటి ఎంసిబిలదీ ఇదే కథ, ఒక పోల్ మాత్రమే, అంటే ఫేజును మాత్రమే తెంపుతాయి. ఈ ఒక్క ముక్కను తరగతిలో ఏడాదికి పదిసార్లు చెప్పేవాణ్ని. మా ఇంటి గొడవ చివరకు తేలింది కూడా దాని దగ్గరే.

లీకేజీకి అలవాటైన నేరస్థులు కొందరున్నారు. గీజర్ ఎలిమెంటు మొదటి స్థానం. నీళ్లలోని ఉప్పు పేరుకుని పైగొట్టం చిల్లు పడుతుంది. తర్వాత బోరు మోటారు, దాని కేబుల్ జాయింటు. వాషింగ్ మెషీన్. ఫ్రిజ్ అయితే నడుస్తూ నడుస్తూ ఏ అర్ధరాత్రో పడగొడుతుంది, ఎందుకంటే మంచు కరిగించే హీటరు లోపల అప్పుడప్పుడూ మాత్రమే వెలుగుతుంది. వానకు తడిసే గేటు దీపాన్ని మరిచిపోవద్దు. డాబా మీది బోర్డులో చీమలు పుట్ట పెట్టడం, బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడి చావడం కూడా నేను చూశాను. ఇవేవీ కాకుండా ఒక్కొక్కటీ నిర్దోషి అయిన సామానులే కలిసి పడగొట్టే సందర్భం ఒకటుంది. కంప్యూటరు, టీవీ, ఎల్‌ఇడి దీపాల లోపలి సర్క్యూట్లు ఒక్కొక్కటి కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. అన్నీ కలిసి 15 మిల్లీ ఆంపియర్ల అంచుకు చేరితే, ఏది వేసినా ఆర్‌సిసిబి పడుతుంది. అలాంటి ఇంట్లో సర్క్యూట్లను రెండు ఆర్‌సిసిబిల కింద పంచడమే దారి.

ఓవర్‌లోడు సంగతి మా అమ్మాయి ఇంటి కథలో ఉంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు, మే నెల, రాత్రి 8 గంటలకు ఫోను. ‘నాన్నా, మెయిన్ పడిపోతోంది. వేస్తే ఉంటోంది, అరగంటకు మళ్లీ పోతోంది’ అంది. మెయిన్ మీద ఏమని రాసి ఉందమ్మా అని అడిగాను. ‘సి 32’ అని చెప్పింది, అంటే 32 ఆంపియర్లది. ఇంట్లో ఏవేవి నడుస్తున్నాయో చదవమన్నాను. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, ఒక్కొక్కటి 1,700 వాట్లు. ఇండక్షన్ స్టవ్ 1,800. పిల్లవాడి స్నానానికి గీజర్ 2,000. అల్లుడు మర్నాటి చొక్కాలకు ఇస్త్రీ పెట్టె పెట్టాడు, 1,000. కూడితే 8,200 వాట్లు, 230 వోల్టుల చేత భాగిస్తే సుమారు 36 ఆంపియర్లు.

32 మీద 36 అంటే పెద్ద తేడా కాదు. ఎంసిబి తన అంకెకు 1.13 రెట్ల దాకా గంట సేపు పడకుండా మోయాలి, 1.45 రెట్లకు చేరితే గంటలోపు పడాలి అని ప్రమాణం. 36 ఆ మొదటి గీత దగ్గరే ఉంది. మరి అరగంటకే ఎందుకు పడుతోంది? డిబి ఎక్కడుందమ్మా అని అడిగాను. చెప్పుల అలమారాలో, చెక్క తలుపు వెనుక అంది. ఎంసిబి అంకె 30 డిగ్రీల వేడిని లెక్క పెట్టుకుని వేసింది. మే నెలలో మూసిన అలమారాలో, పక్కపక్కనే ఒరుసుకున్న ఎంసిబిల మధ్య వేడి అంతకన్నా చాలా ఎక్కువ. లోపలి పట్టీ ముందే సగం వంగి కూర్చుంటుంది. అలమారా తలుపు తీసి పెట్టమన్నాను, ఇస్త్రీ రాత్రి 10 తర్వాత చేయమన్నాను. ఆ రాత్రి పడలేదు.

అయినా మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ స్క్రూలు బిగించమన్నాను. వదులైన స్క్రూ దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి కూడా ఎంసిబి పడుతుంది. వచ్చిన కుర్రవాడు స్క్రూలు బిగించి, ‘32 తీసేసి 63 వేస్తే మళ్లీ పడదండీ’ అన్నాడట. పడదు, నిజమే. ఎంసిబి ఉన్నది సామానుల కోసం కాదు, గోడలోని వైరు కోసం. మెయిన్ నుంచి వచ్చే వైరు 40 మోయలేనిదైతే, 63 ఎంసిబి చూస్తూ ఊరుకుంటుంది, గోడలో వైరు కరుగుతుంది. ప్లగ్ పాయింట్లకు వేసే రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు మీద 32 ఎంసిబి వేసిన ఇళ్లు కూడా చూశాను. ఎంసిబి అంకె పెంచాలంటే ముందు వైరు మార్చాలి, కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. ఆ వరుస తిరగబడకూడదు.

కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలోనే మెయిన్ పడితే కంగారు పడనక్కర్లేదు. ఫ్రిజ్, మోటారు, ఏసీ ఒక్కసారిగా లేస్తాయి, ఇన్వర్టర్ ఛార్జింగ్ అందుకుంటుంది. మోటారు లేచేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు పోగానే పెద్ద సామానుల స్విచ్‌లు ఆపేసి, వచ్చాక ఒక్కొక్కటే వేసుకుంటే చాలు. మోటారు ఒక్కటే పడగొడుతూ, లేవలేక గుర్రుమంటుంటే, అది లేవడానికి తోడ్పడే కెపాసిటర్ పోయి ఉండవచ్చు, లేదా వోల్టేజి బాగా తక్కువై ఉండవచ్చు. అలా గుర్రుమనే మోటారును పది సెకన్లకు మించి ఉంచకండి.

ఇప్పుడు మా గీజర్ దగ్గరికి వస్తాను. కొత్త ఎలిమెంటు కూడా ఓడిపోయాక పాతదాన్ని మల్టీమీటర్‌తో చూశాను. పిన్నుకూ గొట్టానికీ మధ్య ఏమీ చూపించలేదు. ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ తిప్పి చూసినా బంగారంలా ఉంది. తీసే ముందు చేయవలసిన పరీక్షను తీసిన తర్వాత చేశాను. తరగతిలో ఏ కుర్రవాడైనా అలా చేసి ఉంటే నిలబెట్టి అడిగేవాణ్ని.

మూడో రోజు మా ఆవిడ ఇస్త్రీ పెట్టె వేసింది. మెయిన్ పడిపోయింది. నాకు కావలసిన ఆధారం అక్కడ దొరికింది: ఇస్త్రీ పెట్టె వేరే గదిలో, వేరే ఎంసిబి మీద ఉంది. వేర్వేరు సర్క్యూట్లలోని రెండు సామానులూ ఒకేసారి లీకవడం అరుదు. ఫ్యాన్లకూ దీపాలకూ పడటం లేదు. పెద్ద లోడు ఏది వేసినా పడుతోంది. ఈ లక్షణాలు మూడూ కలిస్తే వెతకవలసింది న్యూట్రల్‌ను. ఇంట్లో ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగులుతోంది.

అలా తగిలితే ఏ సామాను వేసినా, తిరిగి వచ్చే కరెంటులో కొంత న్యూట్రల్‌లో కాకుండా ఎర్త్ దారిలో పోతుంది. గీజర్ లాగేది సుమారు 9 ఆంపియర్లు. అందులో మూడు వందలవ వంతు దారి తప్పితే చాలు, 30 మిల్లీ ఆంపియర్లు అయిపోయినట్లే. దీపాల కరెంటు చిన్నది, దారి తప్పే భాగమూ చిన్నదే కాబట్టి ఆర్‌సిసిబి ఊరుకుంటుంది. కొన్ని ఇళ్లలో అన్ని ఎంసిబిలూ దించినా ఆర్‌సిసిబి నిలబడకపోవడానికి కారణం కూడా తరచుగా ఇదే. ఎంసిబి దించితే ఫేజు తెగుతుంది గాని న్యూట్రల్ అలాగే ఉంటుంది.

దాన్ని వెతకడానికి డిబి మూత విప్పాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని, మీరు పక్కన నిలబడి చూడండి. నేను కూడా ఒంటరిగా చేయలేదు. పాత విద్యార్థి ఒకరిని పిలిచాను. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకాము. మీటరు దగ్గర మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో ఒకసారి, టెస్ట్ ల్యాంపుతో ఇంకోసారి చూశాము. న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ, అంటే న్యూట్రల్ లింకు మీది వైర్లన్నీ విప్పి, ఒక్కొక్కదానికీ అంకె రాసిన కాగితం అంటించాము. తర్వాత ఒక్కొక్క వైరుకూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టాము. ఐదు వైర్లు ఏమీ చూపించలేదు. ఆరోది, వంటింటిది, దాదాపు సున్నా ఓమ్‌లు చూపించింది.

‘మాస్టారూ, వంటింట్లో ఈ మధ్య ఏమైనా మేకు కొట్టారా?’ అన్నాడు అతను. నేను లేదన్నాను. మా ఆవిడ మాత్రం గోడ వైపు చూసింది. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన, సంక్రాంతికి వచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. మేకు పైపును పొడిచి, న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపి కుట్టేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ మేకు మీద తేదీలు చూసుకుంటూనే నేను గీజర్ విప్పాను.

సంక్రాంతికి కొట్టిన మేకు ఆషాఢం దాకా ఎందుకు ఊరుకుంది? మా ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోయి ఉంది. ఎండిన మట్టి కరెంటును సులువుగా దిగనివ్వదు, అందువల్ల ఎర్త్ దారిలో పోయే భాగం 15 మిల్లీ ఆంపియర్ల లోపలే ఉండిపోయింది. వానలకు గుంత తడిసింది, దారి తెరుచుకుంది, ఆర్‌సిసిబి పడటం మొదలుపెట్టింది. వేసవిలో గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయమని అందరికీ చెప్పే నేను పోయలేదని కూడా ఇక్కడే బయటపడింది. పోసి ఉంటే వేసవిలోనే మేకు దొరికేది.

పైపులో వైరును అతికించకూడదు. స్ప్రింగు దూర్చి బోర్డు నుంచి పై జంక్షను దాకా కొత్త న్యూట్రల్, కొత్త ఎర్త్ లాగాము. గంటన్నర పని. స్విచ్ బోర్డులకు నిలువుగా పైనా కిందా మేకు కొట్టవద్దు, డ్రిల్లు పెట్టవద్దు. పైపులు ఆ గీత మీదే దిగుతాయి. ఆ మేకు ఒక అర అంగుళం పక్కకు పడి ఉంటే ఫేజును పొడిచేది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇలాంటిదే ఇంకొకటి జరుగుతుంది. ఇన్వర్టర్ సర్క్యూట్ న్యూట్రల్‌ను తెచ్చి వేరే సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేస్తారు. ఆర్‌సిసిబి గుండా ఫేజు వెళుతుంది, న్యూట్రల్ బయట దారిలో వస్తుంది, లెక్క తప్పుతుంది. ఇన్వర్టర్ బిగించిన వారంలోనే ఆర్‌సిసిబి పడటం మొదలైతే బిగించినవాళ్లనే పిలిచి న్యూట్రళ్లు విడదీయమనండి.

విసిగిపోయి ఆర్‌సిసిబిని తప్పించి నేరుగా కలిపించుకున్నవాళ్లున్నారు. ‘అప్పటినుంచి ఒక్కసారి కూడా పడలేదు మాస్టారూ’ అని సంతోషంగా చెబుతారు. తడి చేత్తో గీజర్ కొళాయి పట్టుకునేది ఎవరని అడిగితే జవాబు ఉండదు. ఆర్‌సిసిబి కూడా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, ఒప్పుకుంటాను. కానీ దాని అవతలి వైర్లన్నీ విప్పి, ఒంటరిగా వేసినా పడిపోతుంటే తప్ప దాన్ని మార్చమనకండి. నెలకొకసారి ‘టి’ బటన్ నొక్కండి. పడాలి. పడకపోతే అప్పుడు మార్చాలి, ఆ రోజే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంచుకోండి: పడింది ఏది, దాని మీది అంకె ఎంత, ఏ సమయానికి, అప్పుడు ఏవేవి నడుస్తున్నాయి, వాన పడిందా, ఈ మధ్య గోడకు ఏమైనా కొట్టారా. మా డిబి తలుపు లోపల ఇప్పుడు అలాంటి కాగితమే అంటించి ఉంది, ఏ మీట ఏ గదిదో పెన్సిలుతో రాసి. చివరి ప్రశ్న మా ఆవిడ చేతిరాతలో ఉంది. క్యాలెండరు ఫ్రిజ్ తలుపు మీదికి మారింది, అయస్కాంతంతో.